ముందు బోర్లా తిప్పండి: పాతకాలపు నగల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: ఓ చిన్న బొటిక్‌లో పాతకాలపు నగలు అందుబాటు ధరలో ఉన్నాయి. నగల గురించి నాకు పెద్దగా తెలీదు. కొనేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు నగను బోర్లా తిప్పండి. ముందువైపు మెరుగు పెట్టినంత శ్రద్ధగా వెనకవైపు ఎవరూ పెట్టరు. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ సరిపోతుంది. అంచులు, కొక్కెం, ఒంటికి ఆనే చోటు చూడండి. పూత ముందు అరిగేది అక్కడే. కీళ్ల దగ్గర ఆకుపచ్చ చిలుము కాస్త ఉంటే తుడిస్తే పోతుంది. దాని కింద లోహం గుంటలు పడి ఉంటే మాత్రం వదిలేయండి, అది బాగుపడదు. కొక్కేన్ని నాలుగైదుసార్లు పెట్టి తీయండి. బ్రోచ్ (బట్టకు గుచ్చుకునే నగ) అయితే పిన్ను వంగిందా, దాని గొళ్లెం పట్టు ఉందా చూడండి. రాళ్లను వేలికొసతో మెల్లగా నొక్కితే కదిలేది తెలిసిపోతుంది. ఒక రాయి లేకపోతే కొలత మిల్లీమీటర్లలో రాసుకోండి. అదే రంగు, అదే కోత ఉన్న పాత రాయి దొరకడం కష్టం కాబట్టి ఆ లోటు చూపించి ధర తగ్గించమని అడగడంలో తప్పులేదు.

ప్రశ్న: వెనకాల ఉండే ముద్రలకు అర్థం ఏమిటి?

జవాబు: 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. 750 అంటే 18 క్యారెట్ల బంగారం, 585 అంటే 14. ‘జి.ఎఫ్.’ ఉంటే లోపల వేరే లోహం, పైన అతికించిన బంగారు పొర. దాని ముందు ‘1/20 12కె’ అని ఉంటే, మొత్తం లోహం బరువులో ఇరవయ్యో వంతు 12 క్యారెట్ల బంగారం. ‘జి.పి.’ అంటే పూత మాత్రమే, చాలా పల్చన. ‘ఇ.పి.ఎన్.ఎస్.’ చూసి వెండి అనుకుని మోసపోయేవాళ్లు ఎక్కువ. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం మీద వెండి పూత. ఇంకో సంగతి: కొక్కెం మీది 925 ముద్ర కొక్కేనికే సాక్ష్యం. గొలుసు తర్వాత మార్చి ఉండొచ్చు, కాబట్టి రెండింటి రంగూ పోల్చండి. అయస్కాంతాన్ని మరీ నమ్మకండి. ఇత్తడి కూడా అంటుకోదు, అసలు వెండి గొలుసైనా కొక్కెంలోని ఉక్కు స్ప్రింగు అయస్కాంతానికి అంటుకోవచ్చు.

ప్రశ్న: రాళ్ల బ్రోచ్‌ను సబ్బునీళ్లలో కడిగాను. రాళ్లు నల్లబడ్డాయి. మళ్లీ మెరుస్తాయా?

జవాబు: మెరవవు. ఆ గాజురాళ్ల వెనక అద్దానికి ఉన్నట్టే పల్చటి మెరుపు పూత ఉంటుంది. నీళ్లు సందులోంచి లోపలికి దిగితే అది లేచి నల్లబడుతుంది. ఇక రాయి మార్చడమే. మిగతావాటికి పొడి మెత్తటి బ్రష్ చాలు. మురికి గట్టిగా పట్టి ఉంటే, గుడ్డను తడిపి బాగా పిండి, నగను ముఖం కిందికి ఉండేలా పట్టుకుని తుడవండి. అలా పట్టుకుంటే తడి వెనక్కి దిగదు. కొనేటప్పుడే కొన్ని రాళ్లు మసకగా కనిపిస్తే, మురికేలే అని సర్దిచెప్పుకోకండి.

ప్రశ్న: స్నేహితురాలికి పాత ఉంగరం బహుమతిగా ఇద్దామనుకుంటున్నాను. సైజు తెలీదు.

జవాబు: అయితే ఉంగరం వద్దు. పూత ఉంగరాన్ని సాగదీసినా, వేడిచేసి అతికినా పూత పాడవుతుంది. చుట్టూ రాళ్లున్నదైతే సైజు మార్చడం దాదాపు అసాధ్యం. లాకెట్టో బ్రోచో చూడండి. బరువైన బ్రోచ్ పల్చటి బట్టను లాగేస్తుంది కాబట్టి లోపలివైపు పెట్టుకోవడానికి చిన్న ఫెల్టు (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్క జతచేసి ఇవ్వండి. చెవివి కొంటే, ఆమెకు చెవులు కుట్టారో లేదో ముందు గుర్తుచేసుకోండి. పాతవాటిలో నొక్కి పెట్టుకునే క్లిప్పులు చాలా ఉంటాయి. చవక నగలకు చెవులు దురదపెట్టే మనిషైతే పూత దుద్దులు అసలే వద్దు, కారణం చాలావరకు నికెలే. ప్యాక్ చేసేటప్పుడు మెత్తటి నూలుగుడ్డలో విడిగా చుట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి, దాంట్లోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.