నువ్వు గది బయట కూర్చో తల్లీ

పెరంబూర్, చెన్నై

చిట్టితల్లీ,

అడయార్‌లో డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్నవాళ్లతో సెల్ఫ్ అడ్వకసీ గ్రూపు, అంటే వాళ్లకేం కావాలో వాళ్లే చెప్పుకునే గ్రూపు, పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయాను, పాలు పొంగిపోయాయి. ఇది మేం ఎప్పుడో చెయ్యాల్సిన పని. నీ వయసులో మాకు ధైర్యం చాల్లేదు.

ముందొక తిట్టు. నీ మెసేజ్‌లో మూడుసార్లు 'పిల్లలు' అని రాశావు. మావాడికి ముప్పై నాలుగేళ్లు! గడ్డం తనే గీసుకుంటాడు.

గది కింది అంతస్తులో చూడు. పదిమందికి మించొద్దు, గంటన్నర చాలు. ఆరోజు మాట్లాడుకునే సంగతులు బొమ్మలతో బోర్డు మీద పెట్టు. టీ ఖర్చు లెక్క వాళ్లనే రాయనీ.

ఇక అసలు సంగతి. 2012లో తల్లిదండ్రుల సమావేశం ఒకటి జరిగింది. మావాడు మాట్లాడాలని నేనే కాగితం రాసి, పదిరోజులు బట్టీ పట్టించాను. 'నాకు పాటలంటే ఇష్టం, మా అమ్మే నా బలం.' తప్పు లేకుండా అప్పజెప్పాడు. చప్పట్లే చప్పట్లు. నేను కొంగుతో కళ్లొత్తుకున్నాను. అప్పుడు ముందు వరసలో ఒకాయన, "నీకేం కావాలి బాబూ?" అన్నాడు. అది నా కాగితంలో లేదు. వాడు పెదాలు తడుపుకున్నాడు. వాడికి మాట రావడానికి టైం పడుతుందని నాకు తెలుసు. తెలిసీ ఆగలేకపోయాను. అందరి ముందూ తడబడతాడేమోనని నా భయం. "మాతో ఉంటే చాలండీ, వాడికింకేం కోరికల్లేవు" అనేశాను.

వాడు ఆ కాగితాన్ని మడత మీద మడత పెట్టి గోరంత చేశాడు. ఇంటికొచ్చేదాకా పలకలేదు. రాత్రి అన్నం దగ్గర, "అమ్మా, తాళంచెవి" అన్నాడు. ఏ తాళంచెవిరా అంటే వీధి తలుపు చూపించాడు. "నాన్నకుంది. అక్కకుంది. పనమ్మాయికీ ఉంది." ఇన్నేళ్లూ వాడు బెల్లు కొట్టి, ఎవరో ఒకరు తీసేదాకా గుమ్మంలో నిలబడుతున్నాడని నాకు అప్పటిదాకా తట్టనేలేదు తల్లీ. పారేసుకుంటాడని, ఎవరైనా లాక్కుంటారని, చేయించి ఇవ్వడానికి ఇంకో ఏడాది తీసుకున్నాను. ఎర్ర దారం కట్టి మెడలో వేసుకున్నాడు. ఇవాళ్టికీ అదే తాళంచెవి.

అందుకే చెబుతున్నా, అమ్మానాన్నలు గది బయట ఉండాలి. నువ్వు కూడా, వాళ్లు పిలిస్తేనే లోపలికెళ్లు. ఏదైనా అడిగితే మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకుంటూ ఆగు. మాట రానివాళ్లకు బొమ్మ కార్డులుండాలి. గలగలా మాట్లాడేవాడినే లీడరు చెయ్యాలని లేదు, ఎవరో వాళ్లే ఎన్నుకుంటారు. పేరు కూడా నువ్వు పెట్టకు. 1974లో సేలంలో, మన సేలం కాదు, అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోది, 'పీపుల్ ఫస్ట్' అని ఇలాంటి గ్రూపే మొదలైంది. నన్ను ముందు మనిషిగా చూడండి అని వాళ్లలో ఒకరు అన్న మాటలోంచే ఆ పేరు వచ్చింది.

నాకు రాత్రులు నిద్ర పట్టనివ్వని భయం ఇంకొకటి. మేం పోయాక ఎవరో ఒకరు వాడిచేత సంతకం పెట్టించుకుంటారని. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 13వ సెక్షన్, ఆస్తి, డబ్బు విషయాల్లో వీళ్లకూ అందరితో సమానంగా హక్కుందంటోంది. 14 కింద లిమిటెడ్ గార్డియన్‌ను, అంటే పరిమిత సంరక్షకుణ్ణి పెట్టినా, నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాల్సిందే. మొదటి నెలలోనే చిన్నచిన్న వాక్యాల్లో చెప్పు. 'నాకు అర్థమయ్యేదాకా సంతకం పెట్టను.' ఇదొక్కటి బట్టీ పట్టించినా తప్పులేదు.

మొదటి మీటింగుకి మావాడు వస్తానంటున్నాడు. నన్ను రావద్దన్నాడు. 29సి ఎక్కి తనే వస్తాడట. అడయార్‌లో రోడ్డు దాటే చోట నువ్వు కాస్త నిలబడి చూసుకో... వద్దులే. వాడు ఫోన్ చేస్తేనే వెళ్లు.

మీ పెద్దమ్మ