మాంటెనెగ్రోకు ఎన్ని రాత్రులు కావాలి?

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మానాన్నలు మ్యూనిక్ రాగానే వాళ్ళను వెంటబెట్టుకొని జూన్‌లో మాంటెనెగ్రో వెళ్ళాలనుకుంటున్నాననీ, దేశం చిన్నదే కనుక నాలుగు రోజులు చాలునేమోననీ రాశావు. విస్తీర్ణం చూస్తే అలా అనిపించడం సహజమే. మొత్తం 13,800 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత నెల్లూరు జిల్లా కంటే కాస్త పెద్దది. కాని ఆ దేశంలో ప్రయాణకాలాన్ని నిర్ణయించేది విస్తీర్ణం కాదు, ఎత్తు. సముద్రపు ఒడ్డున మొదలైన రోడ్డు ఊరు దాటకముందే కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. తీరంలో ఉన్న కోటర్ పట్టణం నుంచి లోవ్‌చెన్ పర్వతం మీదికి వెళ్ళే పాత రోడ్డులో 25 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. రోడ్లు భవనాల శాఖలో పనిచేసినవాణ్ణి కనుక మలుపులు లెక్కపెట్టే అలవాటు నాకింకా పోలేదు. కోటర్ నుంచి ఉత్తరాన కొండల్లో ఉన్న జాబ్ల్యాక్‌కు దూరం రెండు వందల కిలోమీటర్ల లోపే అయినా, పెద్దవాళ్ళతో ఆగుతూ వెళ్తే ఒక పూట గడిచిపోతుంది.

అందువల్ల రోజులు లెక్కపెట్టవద్దు, రాత్రులు లెక్కపెట్టు. విమానం దిగే రోజూ, ఎక్కే రోజూ, తీరం నుంచి కొండకు మారే రోజూ చూడటానికి పనికివచ్చే రోజులు కావు. నువ్వనుకున్న నాలుగింటిలో మూడు అలాగే పోతాయి. నా మాటగా చెప్పాలంటే ఎనిమిది రాత్రులు పెట్టుకో: నాలుగు కోటర్ అఖాతం ఒడ్డున, మూడు కొండల్లో, ఒకటి స్కాదర్ సరస్సు దగ్గర. నీకు సెలవు నాలుగు రాత్రులకు మించి దొరకదంటే, కొండల సంగతి పూర్తిగా వదిలేసి అఖాతం దగ్గరే ఉండిపో. రెండూ చూడాలన్న ఆశతో నాలుగు రాత్రులను చెరి రెండుగా పంచితే కారు కిటికీలోంచి తప్ప ఏదీ చూడలేరు.

కొండలకు మూడు రాత్రులు ఎందుకని నువ్వు అడుగుతావని తెలుసు. జాబ్ల్యాక్ చుట్టూ ఉన్న డుర్మిటోర్ పర్వత ప్రాంతంలో జూన్‌లో కూడా మధ్యాహ్నానికి మేఘాలు కమ్ముకొని ఉరుములతో వాన పడటం మామూలే. ఒక్క రాత్రి ఉండి, మరునాడు మబ్బు పడితే, 2,523 మీటర్ల బోబోటోవ్ కుక్ శిఖరం ఏ దిక్కున ఉందో కూడా తెలియకుండానే తిరిగి రావలసి వస్తుంది. మూడు రాత్రులుంటే మధ్యలో రెండు నిండు రోజులు చేతిలో ఉంటాయి, వాటిలో ఒకటైనా తెరిపి ఇస్తుంది. జాబ్ల్యాక్ దాదాపు 1,450 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కనుక స్వెట్టర్లు తప్పవు. అక్కడి నల్ల సరస్సు చుట్టూ ఉన్న మూడున్నర కిలోమీటర్ల కాలిబాట మీ నాన్న నెమ్మదిగా నడిచినా ఒక ఉదయంలో పూర్తవుతుంది. రెండో రోజును తారా నదికి కేటాయించు. ఆ లోయ కొన్నిచోట్ల 1,300 మీటర్ల లోతు ఉంటుంది. దాని మీద 1937–40 మధ్య కట్టిన కాంక్రీటు వంతెన నది మట్టానికి 170 మీటర్లకు పైగా ఎత్తున నిలబడి ఉంది. 1942లో ఇటలీ సైన్యాన్ని ఆపడానికి దాని ఒక కమానును పేల్చివేశారు. ఆ పనిలో పాలుపంచుకున్న లాజార్ యౌకోవిచ్ ఆ వంతెన నిర్మాణంలో పనిచేసిన ఇంజనీరే. తరువాత పట్టుబడిన ఆయనను అక్కడే కాల్చి చంపారు. నా వృత్తిలో ఉన్నవాడెవడూ ఆ వంతెన మీద ఫొటో తీసుకొని వెంటనే కారెక్కలేడు. మీరు కూడా ఒక గంట నిలవండి.

అఖాతం సంగతి వేరు. కోటర్ పాత పట్టణానికి పగలంతా పెద్ద ఓడల్లో జనం వస్తారు, సాయంత్రానికి చాలామంది వెళ్ళిపోతారు. ఊరు ఊరిలా ఉండేది పొద్దున, రాత్రి మాత్రమే కనుక అక్కడ బస చేసినవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. కోట మీదికి వెళ్ళే దారిలో 1,300కు పైగా మెట్లున్నాయి. నువ్వు తెల్లవారగానే ఒక్కదానివే ఎక్కి రా, మోకాళ్ళ నొప్పితో ఉన్న మీ నాన్నను వెంట లాగవద్దు. ఆయన కోసం లోవ్‌చెన్‌కు 2023లో మొదలైన రోప్‌వే ఉంది, పదకొండు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. అయితే అది శిఖరం దాకా వెళ్ళదు. శిఖరం మీద ఉన్న, మాంటెనెగ్రోను పాలించిన కవి న్యెగోష్ సమాధికి అక్కడి నుంచి రోడ్డు మీద కొంత దూరం పోవాలనీ, ఆపైన మళ్ళీ 461 మెట్లున్నాయనీ ఆయనకు ముందే చెప్పు. అఖాతం ఒడ్డునే ఉన్న పెరాస్ట్ అనే ఊరి నుంచి పడవలో చిన్న దీవి మీది చర్చికి వెళ్ళి రావడానికి ఒక పూట చాలు. తీరంలోని బుద్వా, స్వేతి స్తెఫాన్ దారిలో చూస్తే సరిపోతుంది, వాటికోసం రాత్రి ఖర్చు చేయనక్కరలేదు.

బసలు తరచుగా మార్చవద్దనడానికి మరో కారణం మీ అమ్మ భోజనం. ఆమె మాంసం ముట్టదు. కొండల్లో కచమాక్ అని, బంగాళాదుంపలు, మొక్కజొన్న పిండి కలిపి ఉడికించి మీగడో జున్నో వేసి పెట్టే వంటకం దొరుకుతుంది, అది ఆమెకు నచ్చవచ్చు. మిగిలిన చోట్ల రోజూ సలాడ్లతో గడపడం కష్టం. వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే పప్పు, అన్నం మీరే వండుకోవచ్చు. అటువంటి ఇళ్ళను చాలామంది రెండు మూడు రాత్రులకు తక్కువైతే ఇవ్వరు కనుక నేను చెప్పిన లెక్క అక్కడ కూడా కుదురుతుంది.

ఇక వీసా విషయం జాగ్రత్తగా చూడు. మాంటెనెగ్రోలో యూరోలే చెల్లినా, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో అది లేదు. పక్కనున్న క్రొయేషియా 2023 నుంచి ఉంది. మీ అమ్మానాన్నలకు ఒకే ప్రవేశానికి వీసా ఇచ్చి ఉంటే, మాంటెనెగ్రోకు వెళ్ళిన తరువాత దానితో తిరిగి జర్మనీలో అడుగుపెట్టలేరు. దరఖాస్తులోనే పలుమార్లు ప్రవేశానికి అడగమని ఈ వారంలోనే వాళ్ళకు చెప్పు. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో దిగి కారులో రావడం చౌక కావచ్చు, కాని వేసవిలో సరిహద్దు దగ్గర వరుసల్లో గంటలు పోతాయి. మాంటెనెగ్రోలోని టివాట్ విమానాశ్రయంలో దిగితే కోటర్ పక్కనే.

పది పన్నెండు రాత్రులు దొరికితే అదనంగా వచ్చినవాటిని తీరానికి ఇవ్వకు. కొండల్లోని కొలాషిన్ వెళ్ళి బియోగ్రాడ్స్కా గోరా అడవి చూపించు. బార్–బెల్‌గ్రేడ్ రైలు మార్గంలో రాజధాని పొడ్గోరిట్సా నుంచి కొలాషిన్ దాకా రైల్లో వెళ్తే మలుపుల్లో కారు నడిపే శ్రమ నీకూ తగ్గుతుంది. దొరికిన రాత్రులతో ఆల్బేనియా కూడా చుట్టి వద్దామని మీ నాన్న తప్పకుండా అంటాడు. వద్దని నా మాటగా చెప్పు.

తిరుగు విమానానికి ముందు రాత్రి మాత్రం కొండల్లో ఉండవద్దు. స్కాదర్ సరస్సు ఒడ్డున విర్‌పజార్‌లో ఆ ఒక్క రాత్రి ఉండి, పొద్దున్నే పడవలో ఒక గంట తిరిగి, పొడ్గోరిట్సా విమానాశ్రయానికి బయలుదేరండి. టివాట్‌లో దిగి పొడ్గోరిట్సాలో ఎక్కేటట్టు టికెట్లు చూడు. అద్దె కారును వేరే ఊళ్ళో అప్పగించడానికి ఎంత అదనంగా అడుగుతారో కూడా ముందే కనుక్కొని నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న