ప్లాటు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీశైలం రహదారి వైపు 200 గజాల ప్లాటు చూశానని, వచ్చే నెలలో బయానా ఇవ్వాలనుకుంటున్నానని రాశావు. నీవు పంపిన బ్రోషరు చూశాను. అందులో సర్వే నంబరు ఎక్కడా లేదు. ముందు ఆ నంబరును, లింకు డాక్యుమెంట్ల (ఆ నేల ఇంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజుల) నకళ్లను అడిగి తెప్పించుకో. అవి ఇవ్వడానికి వెనుకాడే మనిషితో బేరం మాట్లాడవద్దు. దస్తావేజులు రాస్తూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు 30 ఏళ్లు గడిపినవాణ్ని కనుక నాకు తెలిసినంత చెబుతాను. ఇప్పుడు నీవు బెంగళూరులో కూర్చునే చూసుకోగలిగిన రికార్డులు చాలా ఉన్నాయి. అయితే వాటిలో ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఒకటి బాగుందని మిగిలినవి చూడకుండా వదిలేసిన వారే ఎక్కువగా నష్టపోవడం నేను చూశాను.

మొదటిది ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామంది ప్లాటు నంబరుతో వెతికి, ఒకటో రెండో లావాదేవీలు కనిపించగానే తృప్తి పడతారు. ఆ నేల లేఅవుటు కాకముందు పొలం కదా, అప్పటి అమ్మకాలు సర్వే నంబరు కిందే ఉంటాయి. కాబట్టి ప్లాటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, దానికి బై నంబర్లు (సర్వే నంబరును విడగొట్టగా వచ్చిన ఉప నంబర్లు) ఉంటే వాటితో మరోసారి వెతుకు. వచ్చిన ఈసీలో పేర్ల పక్కన ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవారు, సీఎల్ అని ఉంటే రాయించుకున్నవారు. కాగితం మీద గీత గీసి చూసుకో: ఒక దస్తావేజులో సీఎల్‌గా ఉన్న మనిషే తర్వాతి దస్తావేజులో ఈఎక్స్‌గా కనిపించాలి. మధ్యలో ఎక్కడైనా కొత్త పేరు ఊడిపడితే, ఆ మనిషికి హక్కు ఎలా వచ్చిందో, వారసత్వమా, జీపీఏనా (యజమాని తరఫున వ్యవహరించే అధికారపత్రమా), కోర్టు డిక్రీనా అన్నది తేలేవరకు రూపాయి కూడా ఇవ్వవద్దు. అదే ఈసీలో మార్కెట్ విలువ, ప్రతిఫలం అనే రెండు అంకెలు ఉంటాయి. చుట్టుపక్కల ప్లాట్ల ఈసీలు కూడా తీసి చూస్తే, అక్కడ కాగితం మీద ఎంతకు చేతులు మారుతున్నాయో తెలుస్తుంది.

ఇక ఈసీ చెప్పనివి ఉన్నాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు అందులో రావు. కోర్టులో నడుస్తున్న దావాలన్నీ అందులో కనబడవు. దావాల కోసం ఈ-కోర్ట్స్ సైటులో అమ్మేవారి పేరుతో, జిల్లా ఎంచుకొని వెతకాలి. పేరును రెండు మూడు రకాల స్పెల్లింగులతో వెతకడం మరచిపోవద్దు. బ్యాంకు తనఖాల కోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, కొద్దిపాటి రుసుము కడితే ఎవరైనా చూడవచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ సైటులోనే 22-ఏ నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంది. ప్రభుత్వ, అసైన్డ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన), దేవాదాయ, వక్ఫ్ భూముల సర్వే నంబర్లు అందులో ఉంటాయి. అసైన్డ్ భూమిని కొన్నవారికి హక్కు రాదని 1977 నాటి చట్టం చెబుతోంది కనుక, ఎంత చవకగా వస్తున్నా దాని జోలికి పోవద్దు. పొలంగా ఉన్నప్పటి పట్టాదారు ఎవరో తెలంగాణ భూ రికార్డుల సైటు భూభారతిలో చూడు. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చింది అదే. గుంటూరు వైపు మీ అత్తగారి పొలం పక్కన ఎప్పుడైనా కొనాలనుకుంటే అక్కడ ఆంధ్రప్రదేశ్ భూ రికార్డుల సైటు మీభూమి చూడాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది, రెండింటినీ సరిపోల్చుకోవాలి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా నేల మోసం చేయగలదు. ఇది నా అనుభవం. ఒక వేసవిలో నేను 200 గజాలు కొన్నాను. ఈసీలో చిక్కు లేదు, లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయి, హద్దురాళ్లు సున్నం వేసి తెల్లగా ఉన్నాయి. ఆగస్టులో మీ అత్తయ్యను వెంటబెట్టుకొని వెళ్తే, ఆ నాలుగు రాళ్ల తలలు మాత్రమే నీళ్ల పైన కనిపించాయి. గట్టున చేపలు పడుతున్న ముసలాయన, ‘ఇది కుంట శిఖం గదా సారూ’ అన్నాడు. శిఖం అంటే నీళ్లు నిలిచే కుంట గర్భం. ఆ డబ్బు మీ అత్తయ్య నగల మీద తెచ్చినది. ఈ రోజుల్లో గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వరుసగా చూడవచ్చు. నీ ప్లాటు దగ్గర వర్షాకాలపు చిత్రాలు ఎన్ని దొరికితే అన్నీ చూడు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల సైటులో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నక్షాలు, వాటిలోకి వచ్చే సర్వే నంబర్లు ఉన్నాయి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి.

లేఅవుటు సంగతి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటులో తేలుతుంది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు, దాటిన లేఅవుటును రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. కాబట్టి ‘ప్రీ లాంచ్ ధర’ అన్న మాట వినబడితే అక్కడే ఆగిపో. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టం ఉంది. రెరాలో పెట్టిన లేఅవుటు ప్లానులో నీ ప్లాటు నంబరు వెతికి, అది హెచ్ఎండీఏకు తనఖా పెట్టిన ప్లాట్లలో ఉందేమో చూడు. పనులు పూర్తయి తనఖా విడిపించేవరకు వాటిని అమ్మకూడదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం దాకా అవుతుంది, దాన్ని బడ్జెట్‌లో ముందే కలుపుకో. ధర 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి ఆదాయపు పన్ను కింద పోయే మొత్తం) నీవే మినహాయించి కట్టాలి. అమ్మేవారు విదేశాల్లో ఉంటున్నవారైతే లెక్క పూర్తిగా వేరు, అప్పుడు ఆడిటరును అడగకుండా చెక్కు రాయవద్దు.

సర్వే నంబరు చేతికి రాగానే నాకు పంపు. ఆదివారం నేనే టేపు పట్టుకొని వెళ్లి హద్దులు కొలిచి, పక్క పొలాలవారితో మాట్లాడి వస్తాను. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఈసీ ఇంకోసారి తీయి. అగ్రిమెంటు నాటికి ఖాళీగా ఉన్న ఈసీలో, ఆ రోజుకు మరొకరి పేరు ఎక్కి ఉండడం నా బల్ల ముందే రెండుసార్లు జరిగింది.

ఇట్లు,
నీ మామయ్య