సీ లైబ్రరీకి ఏ యంత్రం పేరు చెప్పాలి?

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 64 బిట్ల ఆర్మ్ బోర్డు కోసం, ఇంట్లోని ఇంటెల్ కంప్యూటర్ మీద క్రాస్ టూల్‌చెయిన్‌ను (ఒక యంత్రం మీద నడుస్తూ మరో రకం యంత్రానికి ప్రోగ్రాములు తయారుచేసే పనిముట్ల సమితిని) సోర్స్ నుంచి తయారు చేసుకుంటున్నాను. బిన్‌యుటిల్స్ (లింకర్ వంటి పనిముట్లు), మొదటి దశ జీసీసీ కంపైలర్ సిద్ధమయ్యాయి. వాటికి ఇచ్చినట్లే జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీకి కూడా 'టార్గెట్' ఆప్షన్‌లో బోర్డు రకం ఇచ్చాను. కెర్నెల్ హెడర్ల దారి మాత్రం ఇవ్వలేదు. కంపైల్ అయింది కానీ, చిన్న ప్రోగ్రామును లింక్ చేయబోతే 'స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్' అంటూ లింకర్ ఆ లైబ్రరీని పక్కన పెట్టింది. మిత్రుడు చెప్పగా 'హోస్ట్'గా మార్చి, హెడర్ల దారి కూడా చేర్చాను. ఇప్పుడు లిబ్‌సీ.సో.6 దొరకలేదంటోంది. ఫైలు సిస్‌రూట్‌లో (బోర్డు ఫైళ్లను బోర్డు మీది అమరికలోనే కంప్యూటర్‌లో పెట్టుకునే డైరెక్టరీలో) కళ్లెదుటే ఉంది! ప్రిఫిక్స్‌గా నా హోమ్ డైరెక్టరీలోని సిస్‌రూట్ దారిని మొత్తం ఇచ్చాను.
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. బిన్‌యుటిల్స్, జీసీసీ మీ కంప్యూటర్ మీద నడుస్తూ బోర్డుకు కావలసిన కోడ్‌ను తయారుచేసే పనిముట్లు కనుక వాటికి బోర్డు 'టార్గెట్' అవుతుంది. జీలిబ్‌సీ అలా కాదు, అది బోర్డు మీదే నడుస్తుంది. నడవబోయే యంత్రాన్ని, కంపైల్‌కు ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్టు 'హోస్ట్'గానూ, కంపైల్ చేస్తున్న యంత్రాన్ని 'బిల్డ్'గానూ లెక్కిస్తుంది. మొదటిసారి మీరు హోస్ట్ చెప్పలేదు కాబట్టి రెండూ ఒకటేననుకొని, కంప్యూటర్‌లోని మామూలు జీసీసీతో, కంప్యూటర్‌లోని హెడర్లతోనే ఇంటెల్ లైబ్రరీని తయారుచేసి ఇచ్చింది. స్క్రిప్టు మొదలైన వెంటనే తెర మీద బిల్డ్, హోస్ట్ యంత్రాల రకాలు కనిపిస్తాయి. ఆ రెండు వరుసల్లో ఒకే పేరు ఉంటే అక్కడికక్కడే ఆపేయండి, అరగంట ఆగి చూసినా వచ్చేది అదే లైబ్రరీ. హోస్ట్‌గా ఏఆర్చ్64-లినక్స్-గ్నూ, బిల్డ్‌గా మీ కంప్యూటర్ రకం, రెండూ విడివిడిగా ఇవ్వడం మేలు; మొదటి దశ జీసీసీ ఉన్న డైరెక్టరీ పాత్‌లో (ఆదేశాల కోసం షెల్ వెతికే డైరెక్టరీల జాబితాలో) ఉండేలా చూసుకోండి.

ఇక ప్రిఫిక్స్ సంగతి. చాలామంది దీనిని 'ఫైళ్లను ఎక్కడ పెట్టాలి' అన్న ప్రశ్నగా తీసుకుంటారు. కానీ అది అడుగుతున్నది బోర్డు మీద ఆ లైబ్రరీ ఏ దారిలో ఉంటుందని. సారె సర్దేది పుట్టింట్లోనే అయినా, చూసుకోవలసింది అత్తింటి అలమరలనే కదా. సిస్‌రూట్‌లోని లిబ్‌సీ.సో అనే ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిచి చూడండి. అది అసలు లైబ్రరీ కాదు, లింకర్ చదువుకోవడానికి రాసిన చిన్న స్క్రిప్టు. అసలు లైబ్రరీ లిబ్‌సీ.సో.6 ఏ దారిలో ఉందో అందులో పూర్తిగా రాసి ఉంటుంది. ఆ స్క్రిప్టు సిస్‌రూట్ లోపల ఉంటే, అందులో '/' గీతతో మొదలయ్యే ప్రతి దారికీ లింకర్ సిస్‌రూట్ దారిని తానే ముందు చేరుస్తుంది. మీరు ప్రిఫిక్స్‌లోనే సిస్‌రూట్ దారి ఇచ్చారు కాబట్టి ఆ దారి ఒకదాని వెనుక ఒకటి రెండుసార్లు పడింది. అలాంటి చోటు మీ డిస్కులో లేదు, అందుకే ఫైలు కళ్లెదుట ఉన్నా దొరకలేదంటోంది.

కాబట్టి ప్రిఫిక్స్‌గా '/యూఎస్ఆర్' అని మాత్రమే ఇవ్వండి. ఫైళ్లను సిస్‌రూట్‌లోకి చేర్చే పని మేక్ ఇన్‌స్టాల్ సమయంలో 'డెస్ట్‌డిర్' చూసుకుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు: డెస్ట్‌డిర్ మరిచిపోయి, సూడోతో (అడ్మిన్ అధికారంతో) ఇన్‌స్టాల్ చేశారంటే మీ కంప్యూటర్ సొంత లైబ్రరీ మీదే కొత్త ఫైళ్లు పడి, ఎల్ఎస్ వంటి ఆదేశం కూడా పనిచేయని స్థితి రావచ్చు. సిస్‌రూట్ మీ హోమ్ డైరెక్టరీలోనే ఉన్నప్పుడు సూడోతో అసలు పనే లేదు.

పాత బిల్డ్ డైరెక్టరీని పూర్తిగా తీసేసి, సోర్స్ బయట ఖాళీ డైరెక్టరీలో మళ్లీ మొదలుపెట్టండి. సోర్స్ లోపలే కాన్ఫిగర్ చేయబోతే జీలిబ్‌సీ ఎలాగూ ఒప్పుకోదు. డీబగ్ కోసమని ఆప్టిమైజేషన్ తీసేసినా కంపైల్ కాదు. పని పూర్తయ్యాక చిన్న ప్రోగ్రామును లింక్ చేసి, ఫైలు వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌తో చూస్తే, యంత్రం ఏఆర్చ్64 అనీ, ఇంటర్‌ప్రిటర్ (ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను ఎక్కించే లోడర్) '/లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఏఆర్చ్64.సో.1' అనీ కనిపించాలి. ఆ తర్వాతే రెండో దశ జీసీసీకి వెళ్లండి.

ప్రశ్న: జీలిబ్‌సీ 2.31తో కట్టిన ప్రోగ్రాము బోర్డు మీద 'కెర్నెల్ టూ ఓల్డ్' అని ఆగిపోతోంది. బోర్డు కెర్నెల్ 4.9, నేను వాడిన హెడర్లు 5.4. హెడర్లు కూడా 4.9వే తెచ్చుకోవాలా?
— ఒక విద్యార్థిని, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. హెడర్లు కెర్నెల్ కన్నా కొత్తవైనా ఇబ్బంది లేదు. మీరు 'ఎనేబుల్-కెర్నెల్' ఆప్షన్‌లో కూడా 5.4 అని ఇచ్చి ఉంటారు. ఆ సంఖ్య లైబ్రరీ పనిచేయడానికి ఒప్పుకునే అత్యంత పాత కెర్నెల్‌ను చెబుతుంది. అంతకన్నా పాత కెర్నెళ్ల కోసం రాసిన ప్రత్యామ్నాయ కోడ్‌ను జీలిబ్‌సీ కంపైల్ సమయంలోనే వదిలేస్తుంది. అక్కడ 4.9 లేదా అంతకన్నా తక్కువ ఇచ్చి లైబ్రరీని మళ్లీ కట్టండి, హెడర్లను అలాగే ఉంచండి.