యూనికోడ్‌లో టైపు చేసిన పాఠానికి మళ్లీ టీఈఐ గుర్తులు ఎందుకు?

యూనికోడ్ ఏ అక్షరం ఉందో మాత్రమే చెబుతుంది. ఆ అక్షరాలు పాఠంలో ఏ పని చేస్తున్నాయో చెప్పడానికి పాఠం మధ్యలో చేర్చే టీఈఐ గుర్తులు కావాలి. ఏది శీర్షికో, పద్యపాదం ఎక్కడ ముగిసిందో చదువరికి చూడగానే తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. 1987లో మొదలైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ (టీఈఐ) అనే అంతర్జాతీయ ప్రయత్నం ఈ తేడాలను రాసి ఉంచే ఉమ్మడి పద్ధతిని ఏర్పరచింది.

తాళపత్రాన్నే తీసుకోండి. ఆకు వృథా కాకుండా అందులో పద్యాన్ని పాదాలుగా విరవక వరసగా రాసుకుపోయేవారు. కాబట్టి ఆకు మీది పంక్తి వేరు, పద్యపాదం వేరు. టీఈఐలో పాదాన్ని ‘ఎల్’ గుర్తుల మధ్య ఉంచుతారు. ఆకు మీద కొత్త పంక్తి మొదలైన చోట ‘ఎల్‌బీ’ పెడతారు. పురుగు తిని అక్షరాలు పోయిన చోట ‘గ్యాప్’. అక్కడ పరిష్కర్త (పాఠాన్ని సరిచూసి సిద్ధం చేసే పండితుడు) ఊహించి పూరిస్తే, ఆ అక్షరాలకు ‘సప్లైడ్’. అన్నిటిలోకీ ఇదే ముఖ్యమని నా అభిప్రాయం: ఇది లేకపోతే పరిష్కర్త ఊహ కూడా కవి మాటగా చలామణీ అయిపోతుంది.

ఇవన్నీ రంగులు, లావు అక్షరాల వంటి అలంకరణే అని చాలామంది పొరబడతారు. గుర్తు చెప్పేది ఆ భాగం ఏమిటన్నది. తెర మీద అది ఎలా కనిపించాలో విడిగా ఉండే స్టైల్‌షీట్ చూసుకుంటుంది.