లంకల్లో నర్సమ్మ గారు, మా ఇంట్లో మామ్మ

ఉద్యోగం చేసిన అమ్మమ్మలు, నాయనమ్మలు మనవలకు ఎంత దగ్గరగా ఉండగలిగారని అడిగారు. మా నాయనమ్మ గురించి చెబుతాను. కోనసీమలో మేము ఆవిడను మామ్మ అని పిలిచేవాళ్లం. గోదావరి గౌతమి పాయలోని లంకల వాళ్లకు మాత్రం ఆవిడ నర్సమ్మ గారు. 1960లలో ఏ.ఎన్.ఎం.గా, అంటే ఊళ్లు తిరిగి పురుళ్లూ టీకాలూ చూసే నర్సుగా, ఉద్యోగంలో చేరి, 1996 జూన్‌లో 58 ఏళ్లకు విరమణ చేసేదాకా ఆవిడ పని అంతా రేవులు దాటడంతోనే గడిచింది. టీకాల రోజున తెల్లవారకముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఐసు ప్యాకులు సర్దిన టీకాల పెట్టె తెచ్చుకుని, మొదటి పడవ ఎక్కేవారు. వెళ్లే ముందు కుంపటి మీద మాకు దిబ్బరొట్టె వేసి పెట్టడం మాత్రం మానేవారు కాదు. రొట్టె అడుగు మాడిన రోజున మామ్మకు పడవ తప్పిపోయేలా ఉందని మాకు తెలిసిపోయేది.

వరదల కాలంలో ఆవిడ లెక్క వేరుగా ఉండేది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. అందరూ గేదెలనూ ధాన్యాన్నీ గట్టు మీదికి చేర్చాలని ఆలోచించే వేళ మామ్మ రిజిస్టరు తెరిచి, నెలలు నిండిన వాళ్లు ఏ లంకలో ఎంతమంది ఉన్నారో కాగితం మీద వేసుకునేవారు. రెండవ హెచ్చరిక వచ్చాక పడవలు దొరకవు కనుక, మొదటి హెచ్చరికకే వాళ్లను ఇవతలి ఒడ్డుకు రమ్మని పట్టుబట్టేవారు. 1986 ఆగస్టులో బ్యారేజీ వద్ద ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరిన ఆ పెద్ద వరదలో, అలా ముందే దాటించిన ముగ్గురు గర్భిణులు మా ఇంట్లోనే ఉన్నారట. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ ముగ్గురిలో ఒకరికి మా పడమటింట్లోనే పురుడు వచ్చింది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక సంక్రాంతికి వచ్చినప్పుడల్లా, తనకూ ఈ ఇంట్లో వాటా ఉందని మా నాన్నను ఆటపట్టించేవాడు.

1995 డిసెంబరు 9న దేశంలో మొదటిసారి పల్స్ పోలియో చుక్కలు వేసినప్పుడు, ఇది పిల్లలు పుట్టకుండా వేసే మందేమోనని కొందరు అనుమానపడ్డారు. మామ్మ రెండేళ్ల మా చెల్లెలిని చంకనెత్తుకుని వెళ్లి, అందరి ఎదుటా మొదటి చుక్కలు దానికే వేశారు. ఆ తరువాతే వరుస కదిలింది. మా అమ్మకు మాత్రం తన పిల్లను ముందు నిలబెట్టినందుకు చాలాకాలం కోపం ఉండేది; ఆ కోపం న్యాయమైనదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆవిడ గొప్పగా చెప్పుకోని పని ఒక్కటే, కుటుంబ నియంత్రణ కేసుల లక్ష్యాలు. నెలాఖరుకు ఇన్ని ఆపరేషన్లు చూపించాలని పై అధికారులు ఒత్తిడి చేసేవారట. లక్ష్యం తగ్గిన ఒక ఏడాది ఆవిడ జీతం రెండు నెలలు ఆపేశారు. ఆ లక్ష్యాల పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 1996 ఏప్రిల్‌లో ఎత్తివేసింది, అంటే మామ్మ విరమణకు రెండు నెలల ముందు. "బాగా చేశారు, ఆయ్, నేను పెట్టె సర్దుకునేటప్పుడు!" అని నవ్వేవారు గానీ, ఆ నవ్వులో సరదా ఉండేది కాదు.

ఆ ఏడాది నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను కూల్చివేసినప్పుడు ఆవిడకు ఉద్యోగం లేదు, సంతకం చేయవలసిన హాజరు పట్టీ లేదు. అయినా మర్నాడు, పడిపోయిన కొబ్బరి చెట్ల మీదుగా దాటుకుంటూ, బ్లీచింగ్ పౌడరు బకెట్టుతో నూతి నూతికీ తిరిగారు. తొమ్మిదేళ్ల నేను వెనకాలే నడిచాను. నూతి నీళ్లలో పొడి కలిపిన వెంటనే తాగవద్దని ప్రతి ఇంటి ముందూ అరిచి చెప్పడమే నాకు అప్పగించిన పని.

ఇక మీరు అడిగిన దగ్గరితనం. మామ్మ మమ్మల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని కథలు చెప్పిన జ్ఞాపకం నాకు లేదు. కానీ ఆవిడ సొంతానికి ఒక పొడుగు నోటుపుస్తకం ఉంచుకున్నారు. అందులో మనవలు ఏడుగురికీ తలా ఒక పేజీ కేటాయించి, పుట్టినప్పటి బరువు, టీకాల తేదీలు, ఎప్పుడు తట్టు పోసింది, ఎవరికి ఏ మందు పడదన్నది ఆఫీసు రిజిస్టరులో మాదిరిగానే గీతలు గీసి రాశారు. నేను బెంగతో అన్నం మానేసిన వారం కూడా నా పేజీలో ఉంది: "జ్వరం లేదు. నాన్న ఊళ్లో లేడు."

2022 జూలై వరదకు ధవళేశ్వరంలో మూడవ హెచ్చరిక ఎగరేసినప్పుడు ఆవిడకు 84 ఏళ్లు. నేను హైదరాబాదు నుంచి ఫోను చేస్తే, నా మాట పూర్తి కాకుండానే, లంకలో నెలలు నిండిన వాళ్లను దాటించారో లేదో ఊళ్లో ఆశా కార్యకర్తగా చేసే అమ్మాయిని కనుక్కోమన్నారు. మరుసటి ఏడాది మామ్మ పోయారు. 2019లో పుట్టిన మా అమ్మాయికీ ఆ పుస్తకంలో పేజీ ఉంది. అయిదేళ్లకు వేయించే బూస్టరు గడి ఖాళీగా ఉండిపోయింది. 2024లో టీకా వేయించి వచ్చాక అందులో తేదీ నేనే రాశాను. ఆవిడ అంకెలంత నిటారుగా రాలేదు.