పురానాపూల్ మీద భాగమతి కథ చెప్పబోయే మేనకోడలికి

చిట్టితల్లీ, మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం నుంచి నువ్వే జనాన్ని వెంటబెట్టుకుని పాతబస్తీ చూపిస్తావట, అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసినవాణ్ణి గనక ఒక్క కథ గురించి ముందే చెప్పాలి.

భాగమతి కథ చార్మినార్ దగ్గర ఎత్తుకోకు. ఆ హారన్ల మోతలో నీ మాట నీకే వినపడదు. పొద్దున్నే పురానాపూల్ మీదికి తీసుకెళ్ళు. కూరగాయల వాళ్ళు గోనెపట్టాలు పరిచి కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చిలకరిస్తుంటారు. పిట్టగోడ పక్కన నిలబెట్టి కింద మూసీని చూడమను. అవతలి ఒడ్డున చిచిలం అనే ఊళ్ళో ఉన్న నాట్యగత్తె భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరదలోకి గుర్రాన్ని దూకించడం, కొడుకు ప్రాణానికి భయపడి గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా ఈ వంతెన కట్టించడం, అంతా మనసారా చెప్పు. నాట్యగత్తె అనేటప్పుడు గొంతు తగ్గించకు.

ఆ తర్వాత లెక్క చెప్పు. వంతెన 1578 నాటిది. మహమ్మద్ కులీ 1580లో గద్దెనెక్కేసరికి పదిహేనేళ్ళవాడు. మరి వంతెన నాటికి? పన్నెండో పదమూడో. ఆ మాటతో కొన్ని ముఖాలు చిన్నబోతాయి, అయినా చెప్పు.

నేను ఏళ్ళ తరబడి ఆ లెక్క మింగేశాను. ఒకరోజు కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఒక బడిపిల్ల "మరి ఆవిడ సమాధి ఏదండీ?" అంది. మహమ్మద్ కులీ సమాధి ఎత్తు చూపించి మురిసిపోతున్న నాకు నోట మాట రాలేదు. అక్కడ భాగమతి పేరున సమాధి లేదు. ఆ పిల్లకి ఏదో అబద్ధం చెప్పి పంపేశాను. ఆ ముఖం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

అలాగని కట్టుకథ అని కొట్టిపారేయకు. ఆ కాలంలోనే బీజాపూర్‌లో ఉండి చరిత్ర రాసిన ఫెరిష్తా, సుల్తాను భాగమతిని ప్రేమించి ఆమె పేరున భాగ్‌నగర్, అంటే మన హైదరాబాదు, కట్టించాడని రాశాడు. అక్బరు కొలువు కవి ఫైజీ కూడా ఆమె పేరెత్తాడు. గోల్కొండ ఆస్థాన చరిత్రలో మాత్రం ఆమె ఊసే లేదు. ఈ రెండూ వాళ్ళ ముందు పెట్టు. ఆ పిల్లలా ఎవరైనా గుచ్చి అడిగితే "తెలియదమ్మా" అను.

ఎనిమిదింటికల్లా వంతెన దిగండి. తర్వాత బేరాల జనంలో నిలబడే చోటుండదు.

మీ మామయ్య